ఉద్యోగం మానాను, ఇక ఎంత సంపాదిస్తే చాలు?

ప్రశ్న: నా వయసు 39. అవివాహితను. బెంగళూరులో ఒక స్టార్టప్‌లో దాదాపు మొదటి నుంచీ పని చేశాను. దానిని మరో పెద్ద సంస్థ కొనుక్కున్నప్పుడు, పన్నులు పోగా నా వాటాలకు 1.40 కోట్లు చేతికి వచ్చాయి. నిద్రలేని ఆ ఉద్యోగం మానేసి మొగల్రాజపురంలో అమ్మానాన్నల దగ్గరికి వచ్చేశాను. ఇకనైనా ఆలోచించి, ఎంచుకుని బతకాలని రోజును పావుగంటల చొప్పున ఎక్సెల్‌లో పంచుకున్నాను: ధ్యానం, నడక, చదువు, వీణ, ఆదివారం సమీక్ష. రెండు వారాలైనా నిలవలేదు. కనిపించిన ప్రతివారూ ‘ఇప్పుడేం చేస్తున్నావమ్మా?’ అంటున్నారు. బావగారు అమరావతి వైపు స్థలం కొనమంటున్నారు. స్నేహితుడొకరు తన కొత్త కంపెనీలోకి రమ్మంటున్నారు. ఏలూరు రోడ్డు దగ్గర మా మేనమామ నడిపే ఆఫ్‌సెట్ ప్రెస్‌లో బాకీల పుస్తకం సరిచేసేటప్పుడు మాత్రం పొద్దు తెలియడం లేదు, కానీ అది పని కిందకు రాదు కదా. ఇంటిఖర్చు నెలకు 60,000; అది నేనే పెడుతున్నాను. ఈ డబ్బుతో ఇక పని చేయకుండా ఉండవచ్చా?
– పేరు వద్దన్న పాఠకురాలు, విజయవాడ

జవాబు: ఉండలేరు. అయితే మునుపటిలా పని చేయవలసిన అవసరమూ మీకు లేదు. మీ ఉత్తరంలో డబ్బు గురించిన భయమూ, రోజులెలా గడుస్తాయన్న భయమూ కలగలిసి ఉన్నాయి కనుక ముందు డబ్బు సంగతి విడదీసి చూద్దాం.

నెలకు 60,000 అంటే ఏడాదికి 7,20,000. ధరలు ఏటా 6 శాతం చొప్పున పెరిగితే, ఇదే ఇల్లు ఇలాగే నడవడానికి 12 ఏళ్ల తర్వాత నెలకు 1,20,000 కావాలి. ఏడాది ఖర్చుకు 25 రెట్లు కూడబెడితే చాలునన్న సూత్రం మీరు వినే ఉంటారు. దానికి మూలం 1994లో విలియం బెంగెన్ అనే అమెరికా ఆర్థిక సలహాదారు వేసిన లెక్క. అది ఆ దేశపు షేర్లు, బాండ్ల చరిత్రను బట్టి, 30 ఏళ్ల విశ్రాంత జీవితానికి వేసినది. మీ ముందు 50 ఏళ్లు ఉండవచ్చు. ఆ సూత్రాన్నే ఒప్పుకున్నా మీకు 1.80 కోట్లు ఉండాలి. అదే నెలకు 30,000 మీరు సంపాదించుకోగలిగితే, నిల్వలోంచి ఏడాదికి తీయవలసింది 3,60,000 మాత్రమే, అంటే మీ సొమ్ములో రెండున్నర శాతానికి కాస్త పైన. ఆ మాత్రానికి, డబ్బంతా పొదుపు ఖాతాలో పడేసి మరచిపోతే తప్ప, పెద్దగా బెంగ అక్కరలేదు. మీకు దక్కిన వెసులుబాటు ఇదే: 30,000 వచ్చే పని ఏదైనా, నచ్చితే చాలు, చేయవచ్చు.

స్థలం చెడ్డదని నేననను. కానీ 2019 డిసెంబరులో మూడు రాజధానుల మాట వచ్చాక అమరావతి చుట్టుపక్కల కొనేవారు లేక ఇబ్బంది పడినవారినీ, 2024 ఎన్నికల తర్వాత అక్కడే మళ్లీ బేరాలు మొదలవడాన్నీ మనమంతా చూశాం. నెలనెలా ఇంటిఖర్చు వెళ్లదీయవలసిన మనిషి ఎన్నికల ఫలితంతో లేచిపడే ధరను నమ్ముకోలేరు. డబ్బు అవసరమైన నెలలో పది గజాలు కోసి అమ్ముకోనూ లేరు. రెండేళ్ల ఖర్చు బ్యాంకు డిపాజిట్లలో ఉంచండి. ఒక్కో బ్యాంకులో ఒక్కొక్కరికి అసలూ వడ్డీ కలిపి 5 లక్షల వరకే బీమా ఉంటుంది కనుక వేర్వేరు బ్యాంకులకు పంచండి. ఉద్యోగంతోపాటు కంపెనీ వైద్య బీమా కూడా పోయి ఉంటుంది; సొంత పాలసీకి ఆలస్యం చేయవద్దు, ముందే ఉన్న జబ్బులకు మూడేళ్ల వరకు వెయిటింగ్ పీరియడ్, అంటే బీమా సొమ్ము రాని గడువు, ఉండవచ్చు.

ఇక ఆ ఎక్సెల్ పట్టిక. ‘ఆదివారం సమీక్ష’ అన్న చోట నాకు నవ్వు వచ్చింది, ఏమీ అనుకోకండి. ధ్యానానికీ వీణకూ కూడా వారాంతంలో నివేదిక అడుగుతున్నారంటే, వదిలి వచ్చిన కంపెనీకి మీ పడకగదిలో ఒక బ్రాంచి తెరిచారన్నమాట. అందులో ఉన్నవన్నీ మంచి పనులే, కానీ మీరు చేయకపోతే ఇంకొకరికి ఇబ్బంది కలిగే పని ఒక్కటీ లేదు. మీరు లేకపోతే ఆగిపోయే పనుల మధ్య ఇన్నేళ్లు బతికాక, ఎవరూ మీకోసం ఎదురుచూడని రోజు ఎంత తీరికగా ఉన్నా విశ్రాంతిగా అనిపించదు.

పొద్దు తెలియని చోటేదో మీరే రాసి, అది పని కాదని మీరే కొట్టేశారు. ఎందుకు కాదు? ప్రెస్‌లో డబ్బు ఎక్కడ ఇరుక్కుంటుందో ఈపాటికి మీకు తెలిసే ఉంటుంది. కాగితం రీములకు ముందే కట్టాలి. శుభలేఖలవాళ్లు ముహూర్తం లోపే ఇచ్చేస్తారు. క్యాలెండర్లు, డైరీలు వేయించుకున్న సంస్థలు మాత్రం సంక్రాంతి దాటినా, ఉగాది దాటినా బిల్లు చెల్లించవు. మీ మామయ్యగారి ప్రెస్‌కు ఉద్యమ్ రిజిస్ట్రేషన్, అంటే చిన్న సంస్థగా ప్రభుత్వం దగ్గర నమోదు, ఉందేమో చూడండి. ఉంటే, 2006 నాటి ఎంఎస్ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల) అభివృద్ధి చట్టం ప్రకారం సరుకు అందుకున్నవారు 15 రోజుల్లో, రాతపూర్వక ఒప్పందం ఉంటే గరిష్ఠంగా 45 రోజుల్లో డబ్బు ఇవ్వాలి. గడువు దాటితే, నిజంగా చెల్లించిన ఏడాదిలో తప్ప ఆ ఖర్చును ఆదాయపు పన్ను లెక్కలో చూపుకోవడానికి వీల్లేదన్న నిబంధన కూడా 2024–25 మదింపు సంవత్సరం నుంచి అమలులో ఉంది. మార్చి నెల మొదట్లో ఈ సంగతి గుర్తుచేస్తూ మర్యాదగా ఒక ఉత్తరం పంపితే చాలామంది అకౌంటెంట్లు కదులుతారు. మామయ్యగారు రాయలేరు, అందరూ ఏళ్ల తరబడి తెలిసినవాళ్లే, మీరు రాయగలరు. గవర్నరుపేటలో, ఆటోనగర్‌లో ఇలా చూసేవారు లేక పడి ఉన్న బాకీల పుస్తకాలు తక్కువేమీ కాదు. నాలుగు చోట్ల ఇదే పని కుదిరితే మీ 30,000 వస్తుంది.

స్నేహితుడిని వాటాల మాట పక్కన పెట్టి జీతమెంతో, రాత్రి ఎన్నింటికి ఫోన్ ఆపుకోవచ్చో అడగండి. నసిగితే వదిలేయండి. బంధువులకు ప్రెస్‌లో లెక్కలు చూస్తున్నానని చెబితే సరిపోతుంది; వ్యాపారం మాట వినగానే మన ఊళ్లో సగం ప్రశ్నలు ఆగిపోతాయి.

మేనకోడలికి జీతమేమిటని మామయ్యగారు నవ్వుతారు, అడగడానికి మీకూ మొహమాటంగానే ఉంటుంది. ఉచితంగా చేస్తే మాత్రం ఆరు నెలలకు మీరే మళ్లీ అది పని కాదంటారు. కనుక నెలకు ఇంత అని గానీ, వసూలైన పాత బాకీలో నూటికి ఇంత అని గానీ ముందే తేల్చుకుని, కాగితం మీద రాసుకుని, బ్యాంకు ఖాతాకే వేయించుకోండి.