బ్రెజిల్‌కి ప్యాకేజీ లేకుండా: మీ ఉత్తరాలు, మా జవాబులు

సొంతంగా బ్రెజిల్ వెళ్లొచ్చాక ఆ ప్రయాణం గురించి పోయిన సంచికలో రాశాను. దానికి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువమంది అడిగినవి ఈసారి తీసుకున్నాను.

ప్రశ్న: నేను, మా తమ్ముడు ఇద్దరం రిటైరైన టీచర్లం. పదహారు రోజులకి ఒక ప్లాన్ రాసుకున్నాం: సావో పాలో, రియో, బ్రసీలియా, ఇగ్వాసు జలపాతాలు, పంటనాల్ చిత్తడి నేలలు, అమెజాన్ అడవిలోని మనాస్, సాల్వడార్. ప్యాకేజీ రేటు మా వల్ల కాదు. సొంతంగా వెళ్లగలమా? ప్లాన్ సరిగ్గా ఉందా?
– గుంటూరు నుంచి ఒక పాఠకుడు

జవాబు: నిక్షేపంగా వెళ్లగలరు మాస్టారూ. కాకపోతే ఆ ఏడింటిలో నాలుగు కొట్టేయండి. బ్రెజిల్ మన దేశానికి రెండున్నర రెట్ల పైన ఉంటుంది. మ్యాప్‌లో పక్కపక్కన కనిపించే ఊళ్ల మధ్య కూడా వందల కిలోమీటర్లు ఉంటాయి. రియో నుంచి మనాస్‌కి విమానంలోనే నాలుగు గంటలు పడుతుంది, అంటే మన హైదరాబాద్-ఢిల్లీ దూరానికి రెట్టింపు కంటే ఎక్కువ. పైగా రాత్రి రైలెక్కి తెల్లారేసరికి దిగిపోదాం అనే మన లెక్క అక్కడ పనికిరాదు. దూరప్రాంతాలకి ప్రయాణికుల రైళ్లు దాదాపు లేవు. ఉన్నదల్లా విమానాలు, బస్సులు. బస్సులు మాత్రం చాలా బాగుంటాయి. సావో పాలో నుంచి రియోకి ఆరు గంటల ప్రయాణం, 'లేయితు' అని రాసి ఉన్న బస్సులో సీటు దాదాపు మంచంలా వాలుతుంది. బస్సు టికెట్లు అమ్మే కొన్ని సైట్లు అక్కడివాళ్ల పన్ను నంబరు అడుగుతాయి, అది మనకి ఉండదు కాబట్టి బస్టాండుకి వెళ్లి పాస్‌పోర్టు చూపించి కౌంటర్లో కొనుక్కోండి.

మీ స్థానంలో నేనైతే రియోకి ఐదు రోజులు, ఇగ్వాసుకి రెండున్నర, మనాస్‌కి నాలుగు ఇచ్చి, మిగతావి రానూపోనూ ప్రయాణానికి, ఒళ్లు కుదుటపడటానికి వదిలేస్తాను. రియోకి ఐదు రోజులెందుకో చెప్తాను. కొర్కొవాడో కొండ మీద 1931లో పూర్తయిన క్రీస్తు విగ్రహం ఉంది కదా, ఆ కొండ ఎత్తు 710 మీటర్లు. దాని నెత్తిన మబ్బు పడితే ఇక ఏమీ కనిపించదు. నేను మొదటిసారి పైకెక్కిన రోజు చుట్టూ తెల్లటి పొగ, విగ్రహం పాదాల దగ్గరే నిలబడి తలెత్తి చూస్తే మోకాళ్ల దాకా కూడా కనిపించలేదు. నా పక్కన ఒక ముసలావిడ రెయిన్‌కోటు వేసుకుని, చేతిలో జపమాలతో అలా పైకి చూస్తూనే ఉంది. పది నిమిషాలకి గాలి కొట్టి ఒక్క చెయ్యి బయటపడింది, అందరూ ఒక్కసారి కేకేశారు, అంతలోనే మళ్లీ మూసుకుపోయింది. రెండు రోజులాగి, పొద్దున్నే వీధిలోకొచ్చి కొండ తేటగా ఉందని చూసుకుని అప్పుడు మళ్లీ వెళ్లాను. ప్యాకేజీలో ఆ ఒక్కపూటే మీ వంతు, మబ్బుంటే మబ్బే చూసి రావాలి. చేతిలో ఖాళీ రోజు ఉండటమే సొంతంగా వెళ్లడంలో అసలు లాభం, దాన్ని ఊళ్లతో నింపేసుకుంటే ఇక ప్యాకేజీకీ దీనికీ తేడా ఏముంది?

బ్రెజిల్, అర్జెంటీనా సరిహద్దులోని ఇగ్వాసులో దాదాపు 275 జలధారలు ఉన్నాయి. బ్రెజిల్ వైపు నడకదారి పూట పని, చివర జలపాతం నోటి దాకా వంతెన వేశారు, నిలువునా తడిసిపోతారు. అర్జెంటీనా వైపు కూడా చూడాలంటే ఆ దేశం నిబంధనలు వేరే చూసుకోవాలి, మళ్లీ బ్రెజిల్‌లోకి రావడానికి మీ వీసా పనికొస్తుందో లేదో కూడా. అక్కడ కోవాటీలని పొడుగు ముక్కు, చారల తోక ఉన్న జంతువులు గుంపులుగా తిరుగుతుంటాయి. తిరుమల కోతుల సంగతి తెలిసినవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు, చేతిలో తిండి సంచి పెట్టుకోకండి.

మనాస్‌లో నీళ్లు జూన్‌కి బాగా పెరిగి అడవిలోకి వచ్చేస్తాయి, చెట్ల కొమ్మల మధ్య పడవలో తిరగొచ్చు. నల్లటి రియో నీగ్రో, పాలు పోసిన టీలాంటి సొలిమోయిస్ నదీ కలిసే చోట రెండూ కలవకుండా 6 కిలోమీటర్ల పైగా పక్కపక్కనే పారతాయి. పడవ ఆ గీత దాటేటప్పుడు చెయ్యి నీళ్లలో పెట్టి చూడండి, చల్లదనం మారడం తెలుస్తుంది. అడవిలో బస వెతికేటప్పుడు నీగ్రో వైపున్నవి చూడండి, ఆ నీళ్లలో ఆమ్లం ఎక్కువ కాబట్టి దోమలు తక్కువ. అలాగని దోమల మందు మానొద్దు, మలేరియా సంగతి బయల్దేరే ముందే డాక్టర్ని అడగండి. నీళ్లు అలా నిండుగా ఉంటాయి కాబట్టే జూన్ రెండో సగంలో వెళ్లమంటాను. జూలైలో వాళ్ల పిల్లలకి సెలవులు, అన్నీ ఖరీదవుతాయి. అప్పుడు అక్కడ చలికాలం. రియోలో పర్లేదు గానీ ఇగ్వాసులో రాత్రిళ్లు స్వెట్టర్ కావాలి.

ప్రశ్న: బ్రెజిల్ వాళ్లు ఎల్లో ఫీవర్ టీకా అడగరని విన్నాను. మరి వేయించుకోవాలా?
– వరంగల్ నుంచి ఒక పాఠకురాలు

జవాబు: తప్పకుండా వేయించుకోవాలమ్మా. దీన్ని తేలిగ్గా తీసుకుని చాలామంది తర్వాత ఇబ్బంది పడతారు. టీకా కాగితం అడిగేది వెళ్లేటప్పుడు కాదు, తిరిగి మన దేశంలో దిగినప్పుడు. ఎల్లో ఫీవర్ ఉన్న దేశాల్లో బ్రెజిల్ కూడా ఉంది కాబట్టి, అక్కడి నుంచి వచ్చేవాళ్ల దగ్గర సర్టిఫికెట్ లేకపోతే ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో పెట్టే అధికారం మన ఎయిర్‌పోర్ట్ ఆరోగ్యాధికారులకి ఉంది. టీకా వేసిన పదో రోజు నుంచే ఆ కాగితం చెల్లుతుంది, కాబట్టి బయల్దేరడానికి నెల ముందే పని పూర్తి చేయండి. హైదరాబాద్‌లో నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో వేస్తారు, ఏ రోజు, ఏ టైముకి వేస్తారో ముందే కనుక్కుని వెళ్లండి. ఒక్కసారి వేయించుకుంటే జీవితాంతం చెల్లుతుంది. అరవై దాటినవాళ్లు, గుడ్డు పడనివాళ్లు మాత్రం ముందు మీ డాక్టర్‌తో మాట్లాడాలి (గుంటూరు మాస్టారూ, ఇది మీరూ చదవండి).

టికెట్ కొనేటప్పుడు ఇంకొకటి. మన దగ్గర్నుంచి అందరూ దోహా, దుబాయ్, అడిస్ అబాబా లాంటి చోట్ల విమానం మారి వెళ్తారు. అమెరికా మీదుగా చవగ్గా కనిపించిందని కొనేశారంటే, ఎయిర్‌పోర్ట్ దాటకపోయినా అమెరికా వీసా ఉండాల్సిందే.

ప్రశ్న: మేం పూర్తి శాకాహారులం, గుడ్డు కూడా తినం. అక్కడంతా మాంసమే అంటున్నారు. ఎలా బతకాలి?
– నెల్లూరు నుంచి ఒక కుటుంబం

జవాబు: ముందు మీ ఊరి సంగతి చెప్పనివ్వండి. బ్రెజిల్ రోడ్ల పక్క మైదానాల్లో తెల్లగా, మూపురంతో మేస్తూ కనిపించే పశువుల జాతి పేరు అక్కడ 'నెలోరి'. అవి మన ఒంగోలు జాతే. 19వ శతాబ్దంలో ఓడల్లో వెళ్లాయి, అప్పట్లో ఒంగోలు నెల్లూరు జిల్లాలో ఉండేది కాబట్టి మీ జిల్లా పేరే నిలిచిపోయింది. బస్సు కిటికీలోంచి మొదటిసారి ఆ మంద కనిపించినప్పుడు నాకు గొంతు పట్టేసింది.

ఇక తిండి. 'పోర్ కిలో' అని బోర్డున్న హోటళ్లు ప్రతి ఊళ్లోనూ ఉంటాయి, అవే మీకు దిక్కు. పళ్లెం తీసుకుని కావాల్సినవి వడ్డించుకుంటే తూకం వేసి డబ్బు తీసుకుంటారు. అన్నం, ఆకుకూర వేపుడు, కర్రపెండలం, వేయించిన అరటిపండు, సలాడ్లు ఉంటాయి, కళ్లతో చూసి వేసుకోవచ్చు. బీన్స్ దగ్గర మాత్రం అడగండి, పంది మాంసం ముక్కలేసి ఉడికించడం వాళ్లకి మామూలు. ఊరికే 'కార్నీ' (మాంసం) వద్దంటే వాళ్లకి ముఖ్యంగా గొడ్డు మాంసం వద్దన్నట్టు, కోడి తెచ్చి పెడతారు. ఒక్కొక్కటీ విడిగా చెప్పాలి: 'సేం ఫ్రాంగు' అంటే కోడి లేకుండా, 'సేం పేషి' అంటే చేప లేకుండా, 'సేం ఓవు' అంటే గుడ్డు లేకుండా. ఇవి పోర్చుగీసులో కాగితం మీద రాసుకుని చూపించండి. చీజ్ బ్రెడ్ అని ఎక్కడ చూసినా అమ్మే 'పావ్ జి కేజు'లో గుడ్డు ఉంటుంది. దానికి బదులు 'టపియోకా' తినండి, మన సగ్గుబియ్యం చేసే కర్రపెండలం పిండినే పెనం మీద అట్టులా పోసి కొబ్బరి పెట్టి ఇస్తారు.

సాల్వడార్ వెళ్లే వాళ్లకి ఇంకొక మాట. వీధి మూలల్లో తెల్ల లేసు గౌన్లు, తలపాగాలతో ఆడవాళ్లు కూర్చుని 'అకరజే' అమ్ముతుంటారు. బొబ్బర్లు నానబెట్టి, పొట్టు తీసి, ఉల్లిపాయ ఉప్పు వేసి రుబ్బిన పిండి అది, చెంచాతో ఉండ చేసి ఎర్రటి పామాయిల్లో వదులుతారు. చూస్తే అచ్చం మన అలసంద గారె, కాస్త పెద్దది. బానిసలుగా తెచ్చిన పశ్చిమ ఆఫ్రికా వాళ్లతో వచ్చిన వంట. అందులో పెట్టే ముద్దల్లో ఎండు రొయ్యలుంటాయి, ఒక్కోసారి పిండిలో కూడా వేస్తారు. మీరు రొయ్యలు తినరు కాబట్టి అడిగి, లేవన్నాకే గారె, పచ్చి టమాటా ముక్కలతో తీసుకోండి.

ప్రశ్న: ఒంటరిగా వెళ్దామనుకుంటున్నాను. భయపడాల్సినంత ఉందా?
– హైదరాబాద్ నుంచి ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని

జవాబు: భయం వద్దు, జాగ్రత్త మాత్రం చాలా కావాలి, అక్కడ పెద్ద ఊళ్లలో దొంగతనం నిజమైన సమస్య. బంగారం ఇంట్లో పెట్టేసి వెళ్లండి, సన్న గొలుసు కూడా వద్దు. రోడ్డు మీద నిలబడి ఫోన్‌లో మ్యాప్ చూడకండి, సైకిల్ మీద వచ్చి లాక్కుపోతారు. చూడాలంటే ఏదైనా షాపులోకి వెళ్లి చూసుకోండి. చీకటి పడ్డాక బీచ్‌లో నడవొద్దు, ఎంత దగ్గరైనా యాప్ టాక్సీ పిలవండి. ఎవరైనా బెదిరిస్తే అడిగింది ఇచ్చేయండి, ఎదురు తిరగొద్దు. కార్డులు దాదాపు అంతటా తీసుకుంటారు, కొంచెం నగదు, పాస్‌పోర్టు జిరాక్స్ చాలు, అసలుది గదిలో లాక్ చేయండి. పోలీసు 190, అంబులెన్స్ 192. రియోలో పర్యాటకుల కోసం వేరే పోలీస్ స్టేషన్ లెబ్లోన్ అనే పేటలో ఉంది. ఇవన్నీ పాటించి మూడు వారాలు తిరిగిన ఆడపిల్లలు నాకు తెలుసు, బస్సులో పక్క సీటు పెద్దావిడ తన డబ్బాలోంచి కేకు ముక్క తీసి పెట్టిందని చెప్పారు.

ప్రశ్న: మేం డాలస్‌లో ఉంటాం. మా ఆయనకీ నాకూ గ్రీన్ కార్డు, పిల్లలవి అమెరికా పాస్‌పోర్టులు. వీసా అందరికీ ఒకటేనా? కరెంట్ కుక్కర్ పట్టుకెళ్లొచ్చా?

జవాబు: ఒకటి కాదండీ. గ్రీన్ కార్డున్నా మీది భారత పాస్‌పోర్టే కదా, మీ ఇద్దరూ బ్రెజిల్ కాన్సులేట్‌లో వీసా తీసుకోవాలి. అమెరికా పాస్‌పోర్టు వాళ్లకి 2025 ఏప్రిల్ 10 నుంచి ఈ-వీసా తప్పనిసరి చేశారు, పిల్లలకి అది పెట్టండి. కుక్కర్ విషయానికొస్తే, అక్కడ కొన్ని ఊళ్లలో 127 వోల్టులు, కొన్నింట్లో 220. మీ అమెరికా కుక్కర్ 220 ఉన్న చోట పెడితే కాలిపోతుంది, గదిలో దిగగానే ముందు వోల్టేజ్ అడగండి. ప్లగ్ కూడా వేరే, గుండ్రటి మూడు పుల్లలది, అడాప్టర్ కొనుక్కోవాలి. వంటగది ఉన్న గది దొరికితే కుక్కర్ ఇంట్లోనే వదిలేయండి, గిన్నెలో వండుకోవచ్చు. వాళ్లు కూడా మనలాగే రోజూ అన్నం తినేవాళ్లే కాబట్టి బియ్యం ఏ వీధి కొట్లోనైనా దొరుకుతుంది.