గేట్‌వే పెట్టె ఒకటి కొంటే అందరి వాకీటాకీలూ కలిసిపోతాయా?

ఫైర్ వాళ్లవి డిజిటల్ సెట్లు, అంబులెన్స్ వాళ్లది వేరే బ్యాండ్ (అంటే వేరే ఫ్రీక్వెన్సీల వరుస), వాలంటీర్లవి మామూలు అనలాగ్ వాకీటాకీలు, ఒకరి మాట ఒకరికి వినపడదు, మధ్యలో గేట్‌వే కొనాలా లేక అందరం ఫోన్లో పుష్ టు టాక్ (బటన్ నొక్కి మాట్లాడే) యాప్ వేసుకుంటే చాలా అని కదా మీ ప్రశ్న. నేను కొన్నేళ్లుగా ఒక వాలంటీర్ రెస్క్యూ టీమ్‌కి రేడియోలు చూసుకుంటున్నాను. గేట్‌వే కొనండి, పనికొస్తుంది, కానీ ముందు మా దగ్గర ఏం జరిగిందో వినండి.

ఒక వరదలో పడవల వాళ్ల దగ్గర వీహెచ్ఎఫ్ అనలాగ్, ఫైర్ వాళ్ల దగ్గర యూహెచ్ఎఫ్ డిజిటల్, రెండూ వేర్వేరు బ్యాండ్లు. గేట్‌వే అంటే పెద్ద మాయేం కాదు, రెండు వైపుల నుంచీ ఒక్కో సెట్ తెచ్చి తగిలిస్తే, ఒకదాంట్లో వినపడిన మాటను రెండోదాని మైక్‌లోకి పంపి దాని బటన్ తనే నొక్కుతుంది. అదిగో, ఆ నొక్కే లోపు అర సెకనో సెకనో పోతుంది. ఒక డాబా మీద జనం చిక్కుకున్నారంటే ఎంతమంది అని అడిగాం, పడవలో ఉన్నతను 'ఇరవై ముగ్గురు' అన్నాడు, ఇటువైపు వినపడింది 'ముగ్గురు'. చిన్న పడవ పంపారు! తర్వాత చూస్తే గేట్‌వేలో మాటను కాస్త ఆపి పంపే సెట్టింగ్ ఉంది, మేమే దాన్ని సరిచేసుకోలేదు. అప్పటినుంచి మా వాళ్లందరికీ బటన్ నొక్కి ఒక సెకను ఆగి మాట్లాడమని, అంకెలు రెండుసార్లు చెప్పమని నేర్పిస్తున్నాం.

రెండో గొడవ ఇంకా పెద్దది. రెండు ఛానెళ్లూ కలిపేసరికి అక్కడివాళ్ల మాటలన్నీ ఇక్కడ, ఇక్కడివన్నీ అక్కడ. ఒకసారి ఒకరే మాట్లాడగలిగే చోట అంతమంది పడితే ఏమవుతుంది, ఎవరికీ సందు దొరకలేదు. పైగా ఒకరి కోడ్ అంకెకు ఇంకొకరి దగ్గర వేరే అర్థం. గంట తిరక్కుండానే గేట్‌వే తీసేసి, పడవల టీమ్ నుంచి ఒక మనిషిని తన సెట్‌తో సహా ఫైర్ ఆఫీసర్ పక్కన కూర్చోబెట్టాం. ఆ రోజు అన్నిటికంటే బాగా పనిచేసింది అదే (పైసా ఖర్చు లేదు, ఒక కుర్చీ తప్ప).

ఇది మా ఒక్కళ్ల గోల కాదు. 2001 సెప్టెంబర్ 11న న్యూయార్క్‌లో వరల్డ్ ట్రేడ్ సెంటర్ టవర్ కూలిపోయేలా ఉందని పోలీసు హెలికాప్టర్ పైలట్లు హెచ్చరించారు, అది పోలీసు రేడియోలోనే ఉండిపోయింది, ఫైర్ వాళ్ల చెవిన పడలేదు. ఫ్రీక్వెన్సీలు వేరు, నిజమే, కానీ పోలీసులూ ఫైర్ వాళ్లూ కమాండ్ పోస్టులు కూడా చెరోచోట పెట్టుకున్నారు, అది ఏ గేట్‌వే తీర్చేది కాదు. తర్వాత 2012లో అమెరికా చట్టం చేసి అత్యవసర సిబ్బంది కోసమే ఫస్ట్‌నెట్ అనే నెట్‌వర్క్ పెట్టుకుంది.

అందుకని ముందు ఒక కాగితం మీద ఎవరు ఎవరితో నిజంగా మాట్లాడాలో రాసుకోండి. మామూలుగా అది టీమ్ లీడర్లు, కంట్రోల్ రూం, అంతే. వాళ్లకి ఒక ఉమ్మడి ఛానెల్ పెట్టి గేట్‌వేని దాని మీదే వాడండి, మిగతావాళ్లు ఎవరి ఛానెల్‌లో వాళ్లుంటారు. ఉమ్మడి ఛానెల్‌లో కోడ్ భాష వద్దు, మామూలు మాటలే. ఇంకొకటి, గేట్‌వే కవరేజీని పెంచదు, ఆ చోట మీ రిపీటర్ (సెట్ల మాటను అందుకుని ఇంకా దూరం పంపే పరికరం) అందకపోతే పెట్టె పెట్టినా అందదు. అందుకే రిపీటర్ లేకుండా సెట్ నుంచి సెట్‌కి నేరుగా మాట్లాడే ఛానెల్ ఒకటి ప్రతి సెట్‌లోనూ ముందే వేయించండి.

అందరికీ కొత్త డిజిటల్ సెట్లు కొందాం అనుకుంటే స్టాండర్డ్ పేరు చూసి కొనండి. టెట్రా, పీ25 రెండూ డిజిటలే, కానీ ఒకదాని మాట ఒకదానికి అర్థం కాదు. ఒకే స్టాండర్డ్ అయినా ఎన్‌క్రిప్షన్ కీ (బయటివాళ్లు వినకుండా మాటకు వేసే తాళం చెవి) వేరైతే మాట వినపడదు, ఈ ముక్క అమ్మేవాళ్లు చెప్పరు.

యాప్ సంగతి: మామూలు రోజుల్లో హాయిగా ఉంటుంది. కరెంటు పోయాక టవర్ నడిచేది బ్యాటరీ ఉన్నంతసేపే, నడుస్తున్న టవర్ మీద ఊరంతా ఒకేసారి ఫోన్లు చేస్తుంటారు. 4జీ మీద అత్యవసర సిబ్బందికి ముందు వరుస ఇచ్చే ఎంసీపీటీటీ స్టాండర్డ్ 2016 నుంచీ ఉంది, కానీ దానికి నెట్‌వర్క్ వాళ్లు ఒప్పుకోవాలి, స్టోర్‌లోంచి దింపుకున్న యాప్‌కి ఆ హక్కు రాదు. యాప్‌ని రెండో దారిగా ఉంచుకోండి.

మీ మూడు టీమ్‌ల సెట్లు ఏ బ్యాండో, ఏ స్టాండర్డో చెప్తే గేట్‌వేకి ఏవి తగిలించొచ్చో చెప్తాను. ఏది కొన్నా డ్రిల్ మాత్రం కరెంటు తీసేసి, టవర్లు లేవనుకుని చేయండి, మేము మొదటిసారి అలా చేసినప్పుడు గేట్‌వేకి బ్యాటరీ వైరే లేదని తేలింది.