పెరట్లో తోటకూర పీకెయ్యాలా?

బిడ్డా,

నిన్న ఫోన్లో నీకు సరిగ్గా జవాబు చెప్పలేదనిపించి ఇది రాస్తున్నా. "పెద్దనాయనా, టౌన్ల పండించింది తింటే విషమే అంటోంది పక్కింటామె, తోటకూర పీకెయ్యాలా?" అన్నావు. మొత్తం పీకక్కర్లేదు. అయితే నీ పెరడంతా ఒకటే మట్టి అనుకోకు.

ముందు నా తెలివి సంగతి విను. మిర్యాలగూడలో ఈ ఇల్లు కొన్న కొత్తలో బావి పక్క మూలన పాలకూర వేశాను. రెండేళ్లు తిన్నాం, చుట్టాలకు కట్టలు కట్టి పంపాం. మూడో ఏడు అరటి పిలక పెడదామని గుంత తీస్తుంటే మోకాటి లోతులో పారకు ఏదో తగిలింది. చూస్తే నల్ల ప్లాస్టిక్ పెంకులు, వాటి మధ్య బూడిదరంగు పలక ముక్కలు. బొటనవేలంత ముక్క కూడా చేతిలో పెట్టుకుంటే రాయికంటే బరువుంది. వీధి చివరి ముసలాయన్ని అడిగితే, ఒకప్పుడు అక్కడ షెడ్డు వేసి లారీ బ్యాటరీలు విప్పేవాళ్లని చెప్పాడు. అదంతా సీసం. ముప్పై ఏళ్లు ఊరూరా తిరిగి మట్టి పరీక్ష చేయించుకోండని రైతులకు చెప్పినవాణ్ణి, నా ఇంటి మట్టి ఏంటో తెలుసుకోలేదు. ఇప్పుడు ఆ మూల గచ్చు చేయించి స్కూటర్ పెడుతున్నా.

కాబట్టి నువ్వు మొదట చేయాల్సింది మీ ఓనరునీ, ఆ వీధిలో పాతవాళ్లనీ అడగడం. ఇల్లు కట్టకముందు అక్కడేముండేది? మెకానిక్ షెడ్డా, చెత్త తగలబెట్టే జాగానా, వట్టి చెలకేనా? చెలకే అయితే సగం టెన్షన్ తీరినట్టే.

మీ ఇల్లు పాతది, పైగా దేవరకొండ రోడ్డు మీదే ఉంది. పెట్రోలులో సీసం కలపడం మన దేశంలో 2000లో ఆగింది. ఇంటి రంగుల్లో సీసానికి 90 పీపీఎం (పది లక్షల పాళ్లలో 90 పాళ్లు) హద్దు అమల్లోకి వచ్చింది 2017 నవంబరులో. అంతకుముందు పడింది ఎక్కడికీ పోదు, పై జానెడు మట్టిలోనే కూర్చుంటుంది. మొన్న వచ్చినప్పుడు చూశాను, మీ వెనక కిటికీ ఆయిల్ పెయింటు పెచ్చులుగా లేచి కింద పాలకూర మడిలోనే రాలుతోంది. నాకు భయం ఆ మడి గురించే. సున్నం గోడ అయితే ఏమీ అనేవాణ్ణి కాదు.

సీసాన్ని మొక్క వేరు పెద్దగా పీల్చదు. పీల్చినా వేర్లలో, కొంత ఆకుల్లో ఆగిపోతుంది, కాయదాకా పోయేది తక్కువ. అందుకే అనుమానమున్న చోట టమాట, వంకాయ, బెండ వెయ్యి, బీర పాదు పెట్టు. ముల్లంగి, చామగడ్డ, ఆకుకూరలు వద్దు. నిజానికి ఎక్కువగా మన ఒంట్లోకి పోయేది కూరలోంచి కాదు, ఆకుకు అంటిన మట్టిలోంచి. వాన చినుకు చిందించిన మట్టి తోటకూర కాడల సందుల్లో ఎలా పట్టుకుంటుందో నీకు తెలుసు. నల్లా కింద ఒకసారి తిప్పితే అది పోదు. గిన్నెలో నీళ్లు పోసి ముంచి, ఆకులు పైకి తీసి, నీళ్లు పారబోసి, అడుగున ఇసుక కనిపించనంతవరకు మళ్లీ కడుగు. ఉప్పు వేస్తే సీసం పోతుందనేది ఉత్తమాట.

చిన్నోడు మట్టి తింటున్నాడని నువ్వు నవ్వుతూ చెప్పావు చూడు, నాకు నవ్వు రాలేదు. మనకంటే పిల్లల ఒంటికి సీసం ఎక్కువ పడుతుంది, మెదడు మీద పనిచేస్తుంది. ఆ కిటికీ కింద వాణ్ణి ఆడనివ్వకు.

మట్టి పరీక్షకు కంపాసాగర్ కృషి విజ్ఞాన కేంద్రంలో అడగొచ్చు. కానీ మామూలు పరీక్షలో ఉదజని సూచిక (పీహెచ్), నత్రజని, భాస్వరం, పొటాష్ లాంటివే చూస్తారు. సీసం, క్యాడ్మియం లాంటి విష లోహాలు చూడమని విడిగా అడగాలి, దానికి వేరే ల్యాబు దాకా పోవాల్సి రావచ్చు. అమెరికాలో ఇళ్ల మట్టికి కిలోకు 400 మిల్లీగ్రాముల సీసం అన్న హద్దును 2024లో 200కు దించారు. రిపోర్టు వస్తే ఆ లెక్కతో పోల్చుకో. ఖర్చెందుకు అనుకుంటే ఇటుకలు పేర్చి, అడుగున గోనె సంచులు పరిచి, అడుగున్నర ఎత్తు కొత్త మట్టి పోసుకో. చెరువు మట్టి మంచిదే, టౌన్ మోరీలు కలిసే చెరువుది మాత్రం వద్దు.

నీళ్ల సంగతి. మన నల్గొండ జిల్లాలో బోరు అనగానే ఫ్లోరైడు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటొద్దు, మర్రిగూడ, మునుగోడు వైపు అది దాటి ఎముకలు వంగినవాళ్లను నా కళ్లతో చూశాను. బోరు నీళ్లతో పెంచిన కూరలో వచ్చేదానికంటే తాగే నీళ్లలో, పప్పు ఉడికించే నీళ్లలో వచ్చేదే ఎక్కువ. మరిగిస్తే ఫ్లోరైడు పోదు, నీళ్లు ఇంకినకొద్దీ చిక్కబడుతుంది. మొక్కలకు బోరు పోసినా వంటకు మిషన్ భగీరథ నల్లా నీళ్లే వాడు. స్నానాల గది నీళ్లు అరటికీ కొబ్బరికీ మళ్లించు, ఆకుకూరల మీద పొయ్యకు.

మీ మామ పత్తి చేనుకు కొట్టగా మిగిలిన మందు తెచ్చిస్తానన్నాడట. వద్దని చెప్పు, నా పేరు చెప్పినా సరే. అలాంటి పురుగుమందుల్లో ఒకటైన మోనోక్రోటోఫాస్‌ను కూరగాయల మీద కొట్టొద్దని 2005లోనే నిషేధించారు. పేనుబంకకు వేపనూనె చాలు. మందు డబ్బా కడిగి మగ్గుగా వాడే అలవాటు కూడా మీ ఇంట్లో ఉంది, అది మానెయ్యండి. పచ్చి పేడ వేస్తే మూడు నాలుగు నెలల దాకా అక్కడ కొత్తిమీర, కీర లాంటి పచ్చిగా తినేవి కోయకు. మాగిన ఎరువైతే ఇబ్బంది లేదు.

ఇక పక్కింటామె మాట. ఆమె బజారులో కొనే పాలకూర ఏ నీళ్లతో పెరిగిందో ఆమెకు తెలుసా? హైదరాబాద్ మురుగంతా మోసుకొచ్చి వాడపల్లిలో కృష్ణలో కలిసే మూసీ నీళ్లతోనూ ఆకుకూరలు పండిస్తారు. నీ మట్టి గురించి నువ్వు కనీసం అడిగి తెలుసుకోగలవు.

ఆదివారం ఊరి చెరువు మట్టి ట్రాలీతో వస్తా, బీర గింజలూ తెస్తా. ఇటుకలు తెప్పించి పెట్టు. ఆలోపు కిటికీ కింద పాలకూర పీకి చెత్త బండికి ఇచ్చెయ్, మీ అత్తమ్మ మేకకు వేస్తానంటే వెయ్యనియ్యకు. తోటకూర మడి ఆ గోడకు దూరంగానే ఉంది కదా, దాన్ని కోసి పప్పులో వేసుకోండి.

మీ పెద్దనాయన