జయపురం లేత్ షాపులో హాట్ రాడ్ పార్టులు చేయించొచ్చా?

ఒడిశాలోని కొరాపుట్, రాయగడ వైపు నుంచి అమెరికా వచ్చిన మన తెలుగు కుర్రాళ్లలో పాత కార్ల పిచ్చి ఉన్నవాళ్లు అడిగే ప్రశ్న ఇది: "అన్నా, 1932 ఫోర్డు ఒకటి హాట్ రాడ్‌గా, అంటే ఇంజనూ రూపమూ మార్చిన పాత కారుగా బాగుచేసుకుంటున్నాను. బ్రాకెట్లు, ఇంజను మీది వాల్వ్ కవర్లు ఇక్కడ చేయిస్తే ఖర్చు తడిసి మోపెడవుతోంది. జయపురంలో మావయ్యకి తెలిసిన లేత్ షాపు ఉంది. అక్కడ పాతిక సెట్లు చేయించి తెప్పించుకుంటే?"

తెప్పించుకోవచ్చు తమ్ముడూ, కానీ అన్నీ కాదు. నాలుగైదు రేకు బ్రాకెట్లే కావాలంటే ఇక్కడే లేజర్ కటింగ్‌కి ఇచ్చేయ్. మనూరి నుంచి తెప్పిస్తే కొరియర్ ఖర్చుకే మిగులంతా పోతుంది. చేతిపని ఎక్కువున్నవి, అంటే అల్యూమినియం పోత పోసి, రాపి, పాలిష్ పెట్టాల్సిన వాల్వ్ కవర్లు, ఎయిర్ క్లీనర్ మూతలు, హెడ్‌లైట్ స్టాండ్ల లాంటివి మాత్రం అక్కడ చేయిస్తే గిట్టుబాటవుతుంది.

మన షాపులు బతికేది రిపేర్ల మీద. రైస్ మిల్లు షాఫ్టు అరిగిందనో, ట్రాక్టర్ పిన్ను విరిగిందనో పాతది పట్టుకెళ్లి చూపిస్తే సాయంత్రానికి అలాంటిదే చేతిలో పెడతారు. ఒకటి చేయడంలో వాళ్లకి తిరుగులేదు. పాతికా ఒకేలా రావాలంటే జిగ్ కావాలి, అంటే ప్రతి ముక్కనీ ఒకే తీరున పట్టి ఉంచే చట్రం. దాని ఖర్చు ముక్క రేటులో కలపనివ్వకు. జిగ్‌కి విడిగా డబ్బు కట్టి, అది నీదేనని బిల్లు మీద రాయించు. ఆ తర్వాత ఒక్క శాంపిల్ చేయించి, వెర్నియర్ (సన్నటి కొలతలు తీసే పరికరం) రీడింగు కనబడేలా ఫొటోలు తెప్పించుకుని, కొలతలు సరిపోయాకే మిగతా ఇరవై నాలుగింటికి సరే అను.

డ్రాయింగు దగ్గరే ఎక్కువ మంది దెబ్బతింటారు. మన ఐటీఐల్లో, పాలిటెక్నిక్‌లలో నేర్పేది ఫస్ట్ యాంగిల్ ప్రొజెక్షన్, అమెరికాలో గీసేది థర్డ్ యాంగిల్. పైనుంచి చూసిన బొమ్మని మన దగ్గర ముందువైపు బొమ్మకి కింద గీస్తారు, అమెరికాలో పైన గీస్తారు. ఏ పద్ధతో చెప్పే గుర్తు డ్రాయింగు మీద ఉంటుంది, అది చూడకుండా పని మొదలుపెడితే ఎడమ బ్రాకెట్ కుడిదై వస్తుంది. రేకు మందం గేజీల్లో రాయకు. 16 గేజి అంటే మన ఎస్‌డబ్ల్యూజీ (బ్రిటిష్ గేజి) లెక్కలో 1.63 మిల్లీమీటర్లు, అమెరికా ఉక్కు రేకు లెక్కలో 1.52. మిల్లీమీటర్లలోనే రాసెయ్.

మరలు ఇంకా మోసం చేస్తాయి. అంగుళాల బోల్టు అనగానే మన పాత షాపుల్లో విట్‌వర్త్ అనే పాత బ్రిటిష్ కొలత ట్యాపు (రంధ్రంలో మరలు కోసే పనిముట్టు) తీస్తారు. 3/8 అంగుళానికి విట్‌వర్త్‌లోనూ, అమెరికా ప్రమాణమైన యూఎన్‌సీలోనూ అంగుళానికి 16 మరలే. మర కోణం మాత్రం విట్‌వర్త్‌ది 55 డిగ్రీలు, యూఎన్‌సీది 60. బోల్టు ఎక్కేస్తుంది కాబట్టి అంతా బాగుందనుకుంటారు. అరంగుళానికొచ్చేసరికి విట్‌వర్త్‌కి 12, యూఎన్‌సీకి 13. కొన్ని చుట్లు తిరిగి పట్టేస్తుంది. అక్కడ స్పానర్ వేసి బలవంతంగా బిగిస్తే అల్యూమినియంలో థ్రెడ్డు పోయినట్టే. అందుకే ట్యాపులూ, మరలు సరిపోయాయో లేదో చూసే థ్రెడ్ గేజీలూ ఇక్కడే కొని, ఊరెళ్లేవాళ్ల చెకిన్ సూట్‌కేసులో పెట్టి పంపు.

పోతకి పాత వాల్వ్ కవర్నే ప్యాటర్న్‌గా, అంటే అచ్చు తీసే నమూనాగా ఇస్తానంటావేమో, వద్దు. అల్యూమినియం చల్లారేటప్పుడు సుమారు 1.3 శాతం కుంచించుకుంటుంది. 45 సెంటీమీటర్ల ముక్క దాదాపు 6 మిల్లీమీటర్లు పొట్టిదవుతుంది. ఆ మేరకు పెంచిన చెక్క ప్యాటర్న్ చేయించాలి.

స్టీరింగు, బ్రేకులు, ముందు యాక్సిల్ సామాన్ల జోలికి మాత్రం వెళ్లొద్దు. "సునాబెడలో హెచ్ఏఎల్ విమాన ఇంజన్ల ఫ్యాక్టరీ ఉంది కదా, మిగ్ ఇంజన్లు చేసిన చేతులు కదా" అంటారు మనవాళ్లు. ఆ చేతులకి దణ్ణం పెడతాను. కానీ లోహానికి సర్టిఫికెట్టు, పగుళ్ల పరీక్ష, హీట్ ట్రీట్‌మెంట్ రికార్డు ఉండేది ఫ్యాక్టరీలో. రిటైరైన ఫిట్టరు గారు పక్కనే ఉన్న సిమిలిగుడలో షెడ్డు వేసుకుంటే అవన్నీ వెంట రావు.

మావయ్యని మధ్యలో పెట్టి బేరం ఆడించకు. ఆయన మొహమాటానికి షాపువాడు రేటు తగ్గిస్తాడు, తర్వాత మన పని అడుగున పడేస్తాడు.

ఇక ఇక్కడి సంగతులు. 800 డాలర్ల లోపు పార్సిల్‌కి సుంకం లేదన్న పాత లెక్క 2025 ఆగస్టు 29 నుంచి చెల్లదు. ఉక్కు, అల్యూమినియం సామాన్ల రేట్లు మారిపోతున్నాయి, ఆర్డరిచ్చే ముందే కస్టమ్స్ బ్రోకర్‌ని అడుగు. పార్టుల మీద 'మేడ్ ఇన్ ఇండియా' ముద్ర ఉండాలి. నీ కారుకి ఒక సెట్టు వాడుకుని మిగతావి అమ్ముదామనుకుంటే వీసా చూసుకో. ఎఫ్-1 మీదో, హెచ్-1బీ మీదో ఉండి పక్కన సొంత వ్యాపారం నడిపితే అనుమతి లేని పని కిందికొస్తుంది. టెన్షన్ పడటం కన్నా ముందే లాయర్‌ని కలవడం నయం.

పంపేటప్పుడు మామూలు చెక్కపలకల పెట్టె వాడితే దాని మీద ఐఎస్‌పీఎం 15 ముద్ర (చెక్కలో పురుగు లేకుండా శుద్ధి చేశారని చెప్పే అంతర్జాతీయ గుర్తు) ఉండాలి, లేకపోతే పోర్టులోనే ఆపేస్తారు. ప్లైవుడ్ పెట్టెకీ, గట్టి అట్టపెట్టెకీ ఆ తలనొప్పి లేదు.