విడాల్ పాజిటివ్ వచ్చినా డాక్టర్ టైఫాయిడ్ కాదంటారేం?

అడిగింది: హన్మకొండలో తమ్ముడికి మూడు రోజులుగా జ్వరం. విడాల్ (టైఫాయిడ్ కోసం చేసే రక్తపరీక్ష) పాజిటివ్. డాక్టరేమో టైఫాయిడ్ అనడం లేదు. ఎవరి మాట నమ్మాలి?

డాక్టరు మాటే. విడాల్ పట్టేది క్రిమిని కాదు, దాని మీద ఒళ్లు తయారుచేసుకున్న యాంటీబాడీలను. అవి పెరగడానికి దాదాపు వారం పడుతుంది. మూడో రోజుకే పాజిటివ్ అంటే, ఎప్పుడో వచ్చిపోయిన టైఫాయిడ్ గుర్తో, టీకా ప్రభావమో, వేరే ఇన్ఫెక్షనో కావచ్చు. ఖాయంగా తేల్చేది బ్లడ్ కల్చర్ (రక్తంలోని క్రిమిని ల్యాబులో పెంచి చూసే పరీక్ష). దానికి రక్తం యాంటీబయాటిక్ మొదలుపెట్టక ముందే ఇవ్వాలి. (మనోళ్లు మెడికల్ షాపులో రెండు గోలీలు మింగాకే ల్యాబుకు పోతారు, అదే తంటా.)

అసలు డాక్టరు లెక్క రిపోర్టుకు ముందే మొదలవుతుంది. వానాకాలం, ఓరుగల్లులో ఇంటి చుట్టూ నీళ్లు నిలిచిన కాలం. ఉన్నట్టుండి జ్వరం, కళ్ల వెనక నొప్పి, ఒళ్లంతా సలుపు అంటే ముందుగా డెంగీనే అనుమానిస్తారు. మొదటి ఐదు రోజుల్లో ఎన్‌ఎస్1 పరీక్ష (డెంగీ వైరస్ ప్రోటీన్‌ను పట్టేది), తర్వాతైతే ఐజీఎం (డెంగీ యాంటీబాడీలను పట్టేది). ఎన్‌ఎస్1 నెగెటివ్ వచ్చినా లక్షణాలు గట్టిగా ఉంటే అనుమానం వదలరు.

అందరూ ప్లేట్‌లెట్లే చూస్తారు (మామూలుగా 1.5 నుంచి 4.5 లక్షలు). డాక్టర్లు హెమటోక్రిట్ (రక్తంలో ఎర్రకణాల శాతం) కూడా చూస్తారు. అది పెరుగుతుంటే రక్తనాళాల్లోంచి నీరు బయటికి కారుతున్నట్టు. జ్వరం తగ్గే రోజుల్లోనే ఈ ప్రమాదం ఎక్కువ. అప్పుడు కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం కనిపిస్తే తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి తీసుకుపోండి.