టార్ప్ గుడ్డ కొనేముందు

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

చెట్ల మధ్య వేలాడే ఊయల పడక, అదే హ్యామక్ మీద వానకి కప్పుగా కట్టుకునే టార్ప్ నువ్వే కుట్టుకుంటానన్నావు, సంతోషం. నువ్వు పంపిన గుడ్డల జాబితా చూశాను. చదరపు మీటరుకి ఎన్ని గ్రాములన్న లెక్క ఒక్కటే పట్టుకుని వరసగా పేర్చావు. తేలికగా ఉండాలనుకోవడం సబబే, మోసేది నీ వీపే కదా. కానీ నేనైతే ముందు వేరే ప్రశ్న వేసుకుంటాను: రాత్రంతా తడిశాక ఈ గుడ్డ ఏమవుతుంది?

నీ జాబితాలో సిలికాన్ పూసిన నైలాన్ ఉంది. నైలాన్ పోగు నీళ్లు తాగుతుంది. మామూలుగా గాలిలో ఉండే తేమకే తన బరువులో సుమారు 4 శాతం పీల్చుకుంటుంది. పాలిస్టర్ పీల్చేది అర శాతం కూడా ఉండదు. పైన పూత ఉన్నా లోపలి పోగుకి తేమ అందుతూనే ఉంటుంది. అలా తాగిన పోగు సాగుతుంది. సాయంత్రం బిర్రుగా కట్టిన టార్ప్ అర్ధరాత్రికి వదులై గాలికి టపటపా కొట్టుకోవడం మొదలుపెడుతుంది. అప్పుడు వెచ్చటి హ్యామక్ లోంచి దిగి, చీకట్లో చెప్పులు వెతుక్కుని, వానలో తాళ్లు బిగించాలి. మూల తాళ్లకి కాస్త ఎలాస్టిక్ కడితే ఆ వదులు చాలావరకు అదే లాక్కుంటుంది.

అలాగని నైలాన్‌ని తీసిపారెయ్యకు. ఒకే మందం పోగులు తీసుకుంటే పాలిస్టర్ కన్నా అదే గట్టిది, అంత తేలిగ్గా చిరగదు. ఆ సాగే గుణం వల్లే గాలి ఒక్కసారిగా విసిరినప్పుడు ఆ దెబ్బ కుట్ల మీద పడకుండా గుడ్డే కొంత భరిస్తుంది. ఎండకి మాత్రం పాలిస్టర్ కన్నా ముందే నీరసిస్తుంది.

జాబితాలో అన్నిటికన్నా పైన పెట్టావే, డైనీమా కాంపోజిట్, పాత పేరు క్యూబెన్ ఫైబర్, అది పందెం పడవల తెరచాపల కోసం పుట్టింది. అసలు నేసిన గుడ్డే కాదు. పల్చటి పాలిస్టర్ పొరల మధ్య డైనీమా అనే గట్టి ప్లాస్టిక్ పోగులు పరిచి అతికిస్తారు. నీళ్లు తాగదు, సాగదు. నీ టార్ప్‌కి దాదాపు 10 చదరపు మీటర్ల గుడ్డ పడుతుంది. సిలికాన్ నైలాన్ చదరపు మీటరుకి 45 గ్రాములనుకుంటే మొత్తం 450 గ్రాములు. డైనీమా 18 గ్రాములనుకుంటే 180. తేడా 270 గ్రాములు, ఓ పెద్ద గ్లాసు నీళ్ల బరువు. ఆ తేడాకి ఇచ్చుకోవాల్సిన డబ్బు చూస్తే నాకు మనసొప్పదు. అదీగాక చిన్నగా మడతపడదు, మడిచినచోటల్లా గీతలు పడుతుంది. కుట్టుమిషన్ సూది వేసిన ప్రతి బెజ్జం అలాగే ఉండిపోతుంది కాబట్టి అంచులు ప్రత్యేకమైన టేపుతో అతికించాలి. మొదటిసారి కుట్టేవాళ్లకి అది తగిన గుడ్డ కాదు. ఇంకొకటి: టార్ప్ కింద స్టవ్ వెలిగించే అలవాటుంటే జాగ్రత్త. డైనీమా 150 డిగ్రీల సెల్సియస్ దగ్గరే కరుగుతుంది. నైలాన్, పాలిస్టర్ 200 దాటాక కరుగుతాయి గానీ, మంట తగిలితే ఏదీ నిలవదు.

కాబట్టి నా ఓటు సిలికాన్ పూసిన 20 డెనియర్ పాలిస్టర్‌కే. డెనియర్ అంటే 9,000 మీటర్ల పోగు ఎన్ని గ్రాములు తూగుతుందో ఆ లెక్క. 10 డెనియర్‌వీ దొరుకుతాయి, ముట్టుకుంటే ముచ్చటేస్తుంది కూడా, కానీ ఒక్క ముల్లుకొమ్మ చాలు దాని పని పట్టడానికి. రిప్‌స్టాప్ అని, అంటే చిరుగు పాకకుండా మధ్యమధ్య లావు పోగులు వేసి నేసిందని, రాసి ఉంటే మురిసిపోకు, ఈ రకం గుడ్డలు దాదాపు అన్నీ అవే.

పూత సంగతి కొంచెం చూసుకో. సిలికాన్ పూత పోగుల్లోకి ఇంకి వాటిని జారనిస్తుంది, అందుకే చిరుగు అంత తొందరగా పాకదు. పాలియురితేన్ పూత చవక, కానీ ఏళ్లు గడిచేకొద్దీ తేమకి చెడి జిగటగా తయారై, వాసన కొట్టి, పెచ్చులూడుతుంది. నీటి ఒత్తిడికి ఎంత ఆగుతుందో మిల్లీమీటర్లలో రాస్తారు, అంటే అంత ఎత్తు నీటి స్తంభాన్ని కారకుండా మోస్తుందన్నమాట. వాలుగా కట్టే టార్ప్‌కి 1,500 ఉంటే నిశ్చింత. 5,000 ఉన్నదే కావాలని పట్టుబట్టకు, మోకాళ్లు ఆనే టెంటు నేలకి కావాలి అంతటిది.

గుడ్డ మొత్తం ఆర్డర్ పెట్టేముందు శాంపిల్ ముక్కలు తెప్పించుకో. నైలాన్‌ది ఒకటి, పాలిస్టర్‌ది ఒకటి, ఒకే వెడల్పు పేలికలు కోసి, కొసన నీళ్ల సీసా కట్టి మేకుకి వేలాడదియ్యి. సీసా అడుగు ఎక్కడుందో గోడ మీద పెన్సిలుతో గీసుకో. తర్వాత పేలికల్ని బాగా తడిపి గంట ఆగి చూడు. నైలాన్‌కి కట్టిన సీసా కిందికి దిగి ఉంటుంది. నా మాట నమ్మకపోయినా గోడ మీది గీతని నమ్ముతావుగా.

కొలతల దగ్గరికొస్తే, 11 అడుగుల హ్యామక్‌ని తాళ్లు 30 డిగ్రీల వాలులో ఉండేలా కడితే రెండు కొసల మధ్య 9 అడుగుల పైచిలుకు వస్తుంది. 11 అడుగుల టార్ప్ వేస్తే అటూ ఇటూ అడుగుకి కాస్త తక్కువ మిగులుతుంది, ఏటవాలు జల్లుకి అది సరిపోతుంది. ఈ గుడ్డలు ఎక్కువగా 58 అంగుళాల పన్నాలో వస్తాయి కాబట్టి రెండు ముక్కలు పొడవునా జోడించి కుట్టు. ఆ కుట్టు సరిగ్గా నడినెత్తిన వస్తుంది కనక నీళ్లు ముందు దూరేది అక్కడే. సిలికాన్ మీద కుట్ల మీద అతికించే మామూలు సీమ్ టేపు అంటుకోదు. సిలికాన్ సీలెంట్‌ని మినరల్ స్పిరిట్‌లో (పెయింటు పల్చన చేసే ద్రావకం) పల్చగా కలిపి బ్రష్‌తో రుద్ది, ఒక రోజంతా ఆరనివ్వు. దారం మాత్రం పాలిస్టర్‌దే వాడు, నూలుది వద్దు.

శాంపిల్ ముక్కలు రాగానే ఫోన్ చెయ్యి.

మీ మామయ్య