విదేశీ రాణి తేనెటీగలను తెప్పించుకోదలచిన మా మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. తేనెటీగలను పీడించే వర్రోవా నల్లిని తట్టుకునే జాతి రాణులను విదేశం నుంచి తెప్పించుకోవాలన్న నీ ఆలోచన మంచిదే. అయితే ఉత్తరం చివర ఒక మాట రాశావు: నల్లి ఎలాగూ ఆస్ట్రేలియాలోకి వచ్చేసింది కదా, ఇంకా ఈ పర్మిట్లు, పరీక్షలు ఎందుకు, తెలిసినవాళ్లు వస్తూ వస్తూ జేబులో పెట్టుకుని తెస్తే సరిపోదా అని. ఆ మాట చదివాక నాకు రాత్రి నిద్ర పట్టలేదు. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను, ఓపికగా చదువు.

2022 జూన్‌లో న్యూకాజిల్ రేవు దగ్గర తెగుళ్లను కనిపెట్టడానికి ఉంచిన తేనెటీగల నిఘా పెట్టెల్లో వర్రోవా బయటపడింది. వేల పెట్టెలను నాశనం చేసినా అది ఆగలేదు. 2023 సెప్టెంబరులో నిర్మూలన ప్రయత్నాన్ని విరమించి, దానితోనే బతకడం నేర్చుకోవాలని నిర్ణయించారు. ఇక పోయేదేముందని నీకు అనిపించడం సహజం. కాని ఆ నల్లి వచ్చేనాటికి ఈ దేశపు తేనెటీగల్లో రెక్కలను వంకర చేసే వైరస్ లేదు. మిగిలిన దేశాల్లో పెట్టెలు ఖాళీ కావడానికి నల్లి ఎంత కారణమో, అది కుట్టినప్పుడు పిల్లపురుగుల ఒంట్లోకి ఎక్కే ఆ వైరస్ కూడా అంత కారణం. అది సోకిన అరలోంచి బయటికి వచ్చే పిల్ల ఈగకు రెక్కలు నలిపి పారేసిన కాగితంలా ముడుచుకుపోయి ఉంటాయి. మనకు సూది వచ్చింది. దానిలో నింపే విషాన్ని మన చేతులతో మనమే తెచ్చుకుంటే కొరివితో తల గోక్కున్నట్టే అవుతుంది.

వైరస్ ఒక్కటే కాదు. ట్రోపిలేలాప్స్ అనే మరో నల్లి ఉంది. మన నల్లమలలో చెట్టుకొమ్మలకు, కొండచరియలకు పెద్ద పట్టు పెట్టే కొండ తేనెటీగల మీద పుట్టిన జాతి అది. పెట్టెల్లో పెంచే ఈగల మీదికి కూడా పాకింది, వర్రోవా కంటే వేగంగా పెరుగుతుంది. ఈగ శ్వాసనాళంలో కాపురం పెట్టే ట్రేకియల్ నల్లి ఇంకొకటి. ఈగను కోసి సూక్ష్మదర్శిని కింద చూస్తే తప్ప అది కంటికి కనబడదు. అందుకే మన ఊరి నుంచి గాని, మరెక్కడి నుంచి గాని సామాన్లలో ఒక్క ఈగను కూడా రానివ్వవద్దు. ఈ విషయంలో మొహమాటానికి తావు లేదు.

ఇక చట్టబద్ధమైన దారి సంగతి. రాణి కోసం బేరమాడే ముందే వ్యవసాయ శాఖవారి బైకాన్ అనే వెబ్‌సైట్‌లో దిగుమతి షరతులు చదివి, అనుమతి ఉన్న దేశాల నుంచే ఎంచుకుని, పర్మిట్ చేతికి వచ్చి, మెల్‌బోర్న్‌కు ఉత్తరాన ఉన్న మికిల్‌హామ్ క్వారంటైన్ కేంద్రంలో చోటు ఖాయమయ్యాకే డబ్బు కట్టు. రాణితో పాటు ఆ దేశపు ప్రభుత్వ పశువైద్యాధికారి ఇచ్చిన ఆరోగ్య ధ్రువపత్రం రావాలి. దానిలోని ప్రతి వాక్యం మన పర్మిట్‌లోని వాక్యంతో సరిపోవాలి.

రాణి ఒంటరిగా ప్రయాణం చేయదు. అగ్గిపెట్టెంత పంజరంలో దానికి మేత అందించే తోడు ఈగలు కొన్ని ఉంటాయి. (యూరప్ నిబంధనల్లో ఒక రాణికి తోడు ఈగలు 20కి మించకూడదు.) ఆ పంజరంలోని చక్కెర ముద్దలో తేనె కలపకూడదని అమ్మేవారికి ముందే రాయి, ఎందుకంటే పిల్లకుళ్లు తెగులు బీజాలు తేనెలో హాయిగా దాక్కుంటాయి. కేంద్రానికి చేరాక రాణిని వేరు చేసి, తోడు ఈగలను చంపి, ఒంటి మీద నల్లుల కోసం, శ్వాసనాళంలోని నల్లుల కోసం పరీక్షిస్తారు. రాణిని అక్కడే, బయటికి ఎగిరిపోయే వీలులేని గదిలో, ఇక్కడి ఈగలతో కట్టిన చిన్న పెట్టెలోకి దింపుతారు. అది గుడ్లు పెట్టి, పరీక్షలన్నీ సవ్యంగా వచ్చాక దాని పిల్లపురుగులను గ్రాఫ్టింగ్ చేసి, అంటే కొత్త రాణులుగా పెంచడానికి చిన్న గిన్నెల్లోకి మార్చి, నీకు అప్పగిస్తారు. విదేశం నుంచి వచ్చిన రాణి మాత్రం ఆ గేటు దాటదు. ఇది విని నువ్వు నిరాశపడతావని తెలుసు. కాని మనకు కావలసింది దాని వంశమే గాని అది మోసుకొచ్చే జబ్బు కాదు గదా. అమెరికావారు 1997లో రష్యాలోని ప్రిమోర్‌స్కీ ప్రాంతం నుంచి నల్లిని తట్టుకునే రాణులను తెచ్చినప్పుడు కూడా నేరుగా రైతుల పెట్టెల్లోకి వదలలేదు, ముందు లూసియానా తీరంలోని ఒక దీవిలో క్వారంటైన్‌లో ఉంచారు.

రాణికి బదులు పోతుటీగల వీర్యాన్ని తెప్పించుకోవచ్చా అని అడిగావు. సన్నని గాజు గొట్టంలో పట్టే వీర్యంతో నల్లులు, పురుగులు రాలేవు, అది పెద్ద లాభమే. అయితే ఇందాక చెప్పిన వైరస్ వీర్యంలో కూడా ప్రయాణిస్తుంది. కాబట్టి ఆ దారిలో పోదలచినా పర్మిట్, ప్రయోగశాల పరీక్ష తప్పవు.

అమ్మేవారిని ఎంచుకునేటప్పుడు పెళ్లి సంబంధం చూసినట్టు చూడు. ఏ పెట్టె నుంచి రాణి వస్తుందో, ఆ పెట్టెను చివరిసారి ఎవరు ఏ తేదీన తనిఖీ చేశారో, ఏడాదిలో యాంటీబయాటిక్ వాడారో లేదో రాతపూర్వకంగా అడుగు. యాంటీబయాటిక్ ఇచ్చిన పెట్టెలో పిల్లకుళ్లు లక్షణాలు అణిగిపోయి, పైకి అంతా ఆరోగ్యంగానే కనబడుతుంది. ఆఫ్రికా జాతి రక్తం కలవలేదన్న జన్యు పరీక్ష కూడా అడుగు. ఎక్కువ తేనె కోసమని 1956లో ఆఫ్రికా రాణులను బ్రెజిల్‌కు తీసుకుపోతే, మరుసటి ఏడాది రియో క్లారో దగ్గర 26 గుంపులు తప్పించుకున్నాయి. రెచ్చిపోయి మూకుమ్మడిగా కుట్టే వాటి సంతతి ఆ తర్వాత అమెరికా సంయుక్త రాష్ట్రాల దాకా పాకింది. ఆ రాణులను తెచ్చినవారు చదువు లేనివారు కారు నాయనా, తేనెటీగల శాస్త్రం తెలిసినవారే.

ఇదంతా ఇంత గట్టిగా చెప్పడానికి నా అనుభవం ఒకటి ఉంది. విక్టోరియాకు వచ్చిన కొత్తలో చవకగా దొరికాయని వాడిన పెట్టెలు కొన్నాను. అమ్మినాయన మంచిగా మాట్లాడాడు, నేను కాగితం ఏదీ అడగలేదు. రెండో వసంతంలో మూతలు కుంగి, చిల్లులు పడిన అరలు కనబడ్డాయి. అగ్గిపుల్లను ఒక అరలో గుచ్చి తీస్తే, కాఫీ రంగు జిగురు అంగుళం పైన దారంలా సాగింది. ముక్కుకు వాసన తగలకముందే నాకు అర్థమైంది, అది అమెరికన్ పిల్లకుళ్లు తెగులు. శాఖవారికి తెలియజేసి, గొయ్యి తవ్వి, చీకటి పడి ఈగలన్నీ గూటికి చేరాక 14 పెట్టెలను తగలబెట్టాను. మైనం కరిగి మండుతుంటే మీ అత్తయ్య గట్టున నిలబడి ఏడ్చింది. ఆ తెగులు బీజాలు ఎండిన పెట్టెలో 35 ఏళ్లకు పైగా బతికి ఉంటాయి. అడగకుండా వదిలేసిన ఒక్క కాగితం ఖరీదు అది.

గ్రాఫ్టింగ్ పిల్లపురుగులు చేతికి వచ్చాక పని చాలా తొందరగా జరగాలి. అప్పటికి ఒక్క రోజు వయసున్న ఆ పురుగులను రాణి లేని బలమైన పెట్టెల్లో పెడితే, 11, 12 రోజుల్లో కొత్త రాణులు బయటికి వస్తాయి. అవి జతకట్టడానికి ఎదిగిన పోతుటీగలు కావాలి. అందువల్ల రాణుల రాక ఇక్కడి వసంతానికి కలిసేటట్టు తేదీలు చూసుకో. ఇక్కడి పోతుటీగలతో జతకట్టినందువల్ల పనివాళ్ల ఈగల్లో కొత్త గుణం సగానికి తగ్గినా దిగులు పడవద్దు. పోతుటీగకు తండ్రి ఉండడు. కాబట్టి ఆ కొత్త రాణులు కనే పోతుటీగలన్నీ తెప్పించిన రక్తంవే అవుతాయి. మరుసటి ఏడాది వాటినే వాడుకోవచ్చు.

ఆ పెట్టెలను మొదటి ఏడాది నీ మిగిలిన పెట్టెలకు దూరంగా, విడి చోటులో ఉంచు. వాటికి వాడే పరికరాలు, చేతి తొడుగులు వేరుగా పెట్టు. తనిఖీ చేసిన తేదీ, కనబడినది రాసే నోటుపుస్తకం పెట్టె పక్కనే ఉండాలి. ఆగస్టులో బాదం పూతకు రాబిన్‌వేల్ వచ్చినప్పుడు నీ పర్మిట్ దరఖాస్తు చిత్తుప్రతి తీసుకురా. ఇద్దరం కూర్చుని అమ్మేవారి ధ్రువపత్రంతో వరుసగా సరిచూద్దాం. అప్పటిదాకా ఎవరికీ అడ్వాన్సు పంపవద్దు.

ఇట్లు,
మీ మామయ్య